మా బావ గుండెలో రెండు రెక్కలు

ఇరవై రెండేళ్లుగా కోరుట్లలో పిల్లలకు గుండె బొమ్మ గీసి చూపిస్తున్నాను. రెండు కర్ణికలు, రెండు జఠరికలు, ఎడమ జఠరిక నుంచి పైకి లేచే బృహద్ధమని, దాని గుమ్మం దగ్గర మూడు రెక్కల కవాటం. కళ్లు మూసుకుని గీయమన్నా గీస్తాను. ఏ పిల్లవాడైనా రెండే రెక్కలు గీస్తే ఎర్ర సిరాతో కొట్టేసి అర మార్కు కోస్తాను. అలా మార్కు కోయించుకున్న పిల్లలందరినీ పిలిచి తప్పయిందని చెప్పుకోవాల్సిన గతి నాకు మా బావ రాజనర్సు వల్ల పట్టింది.

బావ అంటే మా సరోజనక్క భర్త. చందుర్తి దగ్గర ఒక పల్లెలో కల్లు గీస్తాడు. యాభై మూడేళ్లు, బక్కపలుచని ఒళ్లు, రోడ్డు మీద నడిచినంత సులువుగా తాటిచెట్టు ఎక్కుతాడు. పద్నాలుగు చెట్లు ఆయనవి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి ఎక్కాలి. నేల మీద అడిగినదానికే జవాబు చెప్పని మనిషికి చెట్టెక్కగానే మాటలు పుట్టుకొస్తాయి. ఎవరి బర్రె ఎవరి మక్కచేన్లో పడిందో, బోయినపల్లి బస్సు ఎక్కడిదాకా వచ్చిందో, ఎవరింట్లో చుట్టాలు దిగారో అన్నీ పైనుంచే చెబుతాడు. కింద కల్లుకోసం కూర్చున్నవాళ్లకు ఆ కబుర్లు ఉచితం.

నా సంగతులు కూడా ఆయన అక్కడినుంచే చెప్పేవాడు. గౌడ్ల ఇంట్లో పుట్టానన్న మాటే గానీ మా నాయన నన్ను ఏనాడూ చెట్టు దగ్గరికి రానీయలేదు. పెన్ను నువ్వు పట్టు, కత్తి నేను పడతానన్నాడు. దాంతో నలభై ఏడేళ్లు వచ్చినా బల్బు మార్చడానికి స్టూలెక్కితే మా ఆవిడ నా కాళ్లు పట్టుకోవాలి. ఈ ముచ్చట నాలుగు ఊళ్లకు తెలిసిందంటే అది బావ చలవే. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడు, సారు అంటాడు. ఆ ఒక్క మాటలో ఎంత వెటకారం పడుతుందో విన్నవాళ్లకే తెలుస్తుంది. బామ్మర్దిని కాబట్టి పడ్డాను.

అలాంటి మనిషికి రెండేళ్ల కింద చెట్టు మీద తల తిరగడం మొదలైంది. కల్లు గీసేవాళ్లు పొద్దున దింపిన ప్రతి లొట్టిలోంచీ, అంటే కల్లుకుండలోంచీ, ఒక గుక్క తాగి చూస్తారు. ఏది తీపి, ఏది పులుపు, ఏది ఎవరికి పొయ్యాలి అన్నది ఆ గుక్కతోనే తేలుతుంది. పద్నాలుగు చెట్లంటే ఎండ రాకముందే పద్నాలుగు గుక్కలు. కాబట్టి బావ ఇది నిషా అనుకున్నాడు. గుక్కను సగం చేశాడు. అయినా తిరిగింది. నోట్లో పోసుకుని ఉమ్మేయడం మొదలుపెట్టాడు. అయినా తిరిగింది. గోపాల్ రావు పొలం గట్టు మీద అన్నిటికంటే ఎత్తయిన చెట్టొకటి ఉంది, దాని మీద మరీ ఎక్కువ తిరిగింది. చివరికి ఆయనకు జ్ఞానోదయమైంది. ఆ చెట్టు కల్లు తాగక్కరలేదు, వాసనకే ఎక్కుతోంది.

ఈ సంగతి చెట్టు మీదనుంచే ప్రకటించాడు. నెల తిరక్కుండా బోయినపల్లి నుంచి బండ్ల మీద జనం రావడం మొదలైంది. దోసిట్లో పోయించుకుని ఒక్క గుక్కకే ఊగేవాళ్లు కొందరు. ఆయనతోపాటు చెట్లెక్కే దోస్తు రాజం అయితే లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి, పక్కనే తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. నేను కూడా ఒకసారి తాగాను. ఏమీ ఎక్కలేదు, కానీ ఎక్కలేదని ఆ గుంపులో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సైన్సు సారునై ఉండి నేనే నోరు మూసుకున్నానంటే ఇక మిగతావాళ్లనేం అంటాం.

మొన్న మార్చిలో చందుర్తిలో గీత కార్మికులకు కొత్తరకం మోకులిచ్చారు. మోకంటే మనిషినీ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. ఈ కొత్తది కాలు జారినా మనిషిని పట్టి ఆపుతుంది. దాన్ని వాడటం నేర్పే రోజునే ఆరోగ్య పరీక్షలు కూడా పెట్టారు. ఒక కుర్ర డాక్టరు బావ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఎంతకూ తియ్యలేదు. గుండెలో ఏదో చప్పుడు వస్తోందన్నాడు. చప్పుడు రాకుంటే గదా భయపడాలె అని బావ చొక్కా తొడుక్కోబోయాడు. ఆ పిల్లాడు పట్టు వదల్లేదు. జగిత్యాల వెళ్లి ఎకో తీయించుకోమని చీటీ రాసి, అందాకా చెట్టెక్కొద్దని సరోజనక్కకు ఫోన్‌లో చెప్పాడు.

చదువుకున్నవాణ్ణని నన్ను తోడు తీసుకెళ్లారు. జగిత్యాలలో సునంద డాక్టరమ్మ నిదానంగా చూసింది. తెర మీద బావ గుండె కొట్టుకుంటోంది. మూడు రెక్కలుండాల్సిన చోట రెండే ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచి మరీ చూశాను. పుట్టుకతోనే ఇంతేనని, నూటికి ఒకరిద్దరికి ఇలా ఉంటుందని, చాలామందికి ఏళ్ల తరబడి తెలియనే తెలియదని ఆమె చెప్పింది. ఆ రెండు రెక్కలూ ఇప్పుడు గట్టిపడి సరిగా తెరుచుకోవడం లేదు. ఒంటికి శ్రమ ఎక్కువైనప్పుడు తలకు చాలినంత రక్తం అందదు, అందుకే తిరుగుతోంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. ఇరుకు సందులోంచి రక్తం వాలుగా చిమ్మి బృహద్ధమని గోడను కొడుతోంది. ఇలాంటివాళ్లకు ఆ గోడ కూడా పుట్టుకతోనే కాస్త బలహీనం. మూడున్నర సెంటీమీటర్ల లోపు ఉండాల్సిన గొట్టం ఐదు పాయింట్ మూడుకు ఉబ్బింది. ఊపిరి బిగబట్టి చెట్టును కరుచుకుని ఎక్కేటప్పుడు రక్తపు పోటు ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ పోటుకు గోడ చీలితే మనిషి దక్కడు. నెలలోపు ఆపరేషన్ చేయించుకోవాలి. కవాటమూ గొట్టమూ రెండూ మార్చాలి.

“ఇగ చెట్టు ముట్టద్దు నర్సన్నా. ఒక్కసారి గూడ” అంది డాక్టరమ్మ.

బావ తల వంచుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మా నేనూ ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటున్నాం. అప్పుడు ఆయన తలెత్తి అడిగాడు.

“అయితె మేడమ్, గా చెట్టు కల్లుల ఏం లేదా?”

ఆమెకు అర్థం కాక నా వైపు చూసింది. నాకు నవ్వొచ్చేసింది. ఆపుకుందామంటే ఆగలేదు. గది బయటికి వెళ్లి గోడకానుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. అందులో భయం పాలెంతో ఇప్పటికీ చెప్పలేను. ప్రాణం మీదికి వస్తే ఈ మనిషికి చెట్టు పరువు పోయిందన్న దిగులు.

మర్నాడు బడి ల్యాబులోని ప్లాస్టిక్ గుండెను సంచిలో వేసుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పాను. బావ ఆ గుండెను నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మోటారు నీళ్లు వాలుగా కొట్టినకాడ గట్టు తిన్నట్టు తింటాంది అంతేగదా అన్నాడు. అంతే మరి. నా గంట పాఠం ఒక్క ముక్కలో తేల్చేసి, ఆపరేషన్ మాత్రం ఎండాకాలం అయ్యాకే అన్నాడు.

కారణం నాకూ తెలుసు. తాటిగెల కొసను రోజూ పలుచగా చెక్కాలి. చెక్కుతున్నంతకాలమే కల్లు కారుతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే కొస ఎండి మూసుకుపోతుంది, ఆ చెట్టు ఆ యేటికి అంతే. ముప్పై ఏళ్లలో ఒక్క గెల కూడా మూసుకుపోనీయలేదని ఆయనకు గర్వం. పెళ్లయిన మర్నాడు కూడా అక్కను ఇంట్లో వదిలి చెట్ల మీదికి పోయినవాడు. ఇప్పుడు పోకుండా ఉంటాడా? నాకు కోపం వచ్చింది, ఆ కోపం కింద మా అక్క ముఖం కనపడింది. ఈయన ఎక్కకుండా ఆపాలి, ఆపరేషన్‌కు పంపాలి. నాకు ఇంకే ఆలోచనా లేకుండా పోయింది.

ఈలోపు మరో పని పడింది. ఇది కుటుంబాల్లో నడిచే తీరని, తల్లికీ పిల్లలకూ కూడా ఎకో తీయాలని డాక్టరమ్మ చెప్పింది. ఒక ఆదివారం ఆటో మాట్లాడుకుని అందరం జగిత్యాల బయలుదేరాం. బావ తల్లి లసుమవ్వ పండక్కి కట్టే చీర కట్టింది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే కొడుకు శ్రీధర్ సెలవు పెట్టి వచ్చాడు, ఇంటర్ చదివే కూతురు నవ్య దారంతా పాటలు పెట్టింది. ఆటోలో మా వాలకం చూసినవాళ్లు ఏదో పెళ్లికి పోతున్నామనుకుని ఉంటారు.

లసుమవ్వ తెర మీద తన గుండెను చూసుకుని చాలా ముచ్చటపడింది. డెబ్బై ఆరేళ్లుగా లోపల ఇంత పని జరుగుతోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాసేపు తేరిపార చూసి, నా మొగడు పోయి పన్నెండేండ్లాయె, గిండ్ల యాడన్న కనబడుతుండా బిడ్డా అని డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు, ఇంకొంచెం పక్కకు జరిపి చూస్తానంది. లసుమవ్వకు మూడు రెక్కలే. నవ్యకూ మూడే. శ్రీధర్‌కు రెండు.

కానీ వాడి బృహద్ధమని ఉండాల్సినంతే ఉందని, ఇప్పుడేమీ భయం లేదని, ఏడాదికోసారి చూపించుకుంటే చాలని ఆమె చెప్పింది. ఊపిరి బిగబట్టి ఎక్కడాలు, మోయరాని బరువులెత్తడాలు కొత్తగా మొదలుపెట్టొద్దంది. బావ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, ఇంటికొచ్చేదాకా తీయలేదు.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. నాది కూడా చూడమన్నాను. రక్తసంబంధం లేదు, అవసరం లేదని ఆమె అంటున్నా వినకుండా చొక్కా విప్పి పడుకున్నాను. పాఠ్యపుస్తకంలో అచ్చేసినంత చక్కగా మూడు రెక్కలు. ఆ బొమ్మను కాగితం మీద తీయించుకున్నాను. తిరుగుదారిలో కొండగట్టు అంజన్న దర్శనానికి ఆగితే అక్కడ కొబ్బరికాయల దుకాణంవాడికి కూడా చూపించాను. గుండె అంటే ఇలా ఉండాలని ఆటోలో ఎన్నిసార్లు చెప్పానో నవ్య లెక్కపెట్టింది, పదకొండు.

డాక్టరు వద్దన్నప్పటినుంచీ బావ చెట్లను ఎలాగో నెట్టుకొస్తున్న గీత సంఘంవాళ్లు ఆ సాయంత్రం ఇంటికొచ్చారు. ఎవరికి వాళ్లకు సొంత చెట్లు ఉన్నా, బావ చెట్లలో పదకొండు పంచుకుని గీస్తామన్నారు. గోపాల్ రావు గట్టు మీది మూడు మాత్రం దూరం, ఎత్తు, రోజుకు మూడుసార్లు అక్కడిదాకా పోయే తీరిక ఎవరికీ లేదు. శ్రీధర్ తాను ఎక్కుతానన్నాడు. బావ వాడి వంక చూసిన చూపుకే వాడు కూర్చున్నాడు. మూడు చెట్లే గదా, నేనే ఎక్కుతానని బావ లేచాడు. అక్క కల్లు గీసే కత్తిని లోపలికి తీసుకుపోయి బియ్యం డబ్బాలో దాచి, డబ్బా మీద కూర్చుంది.

అప్పుడు మూలన కూర్చున్న లసుమవ్వ నా జేబులోంచి కనబడుతున్న కాగితం వైపు చూసింది.

“నీ గుండెల మూడు రెక్కలున్నయంటివి గద సారూ. నీకేమైతది ఎక్కితే?”

ఇల్లంతా నా వైపు తిరిగింది. పిరికితనానికి డాక్టరు చీటీ దొరుకుతుందేమోనని ఎంత వెతికినా నా జేబులో ఉన్నది దానికి పూర్తిగా వ్యతిరేకమైన చీటీ. నేనెక్కుతానని నా నోటితోనే అన్నాను. బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి ఆయాసమొచ్చి కూర్చున్నాడు, ఎక్కువ నవ్వొద్దని అక్క కసిరింది.

నేను నేర్చుకునేదాకా ఆ మూడు చెట్లనూ సంఘంవాళ్లే వంతులేసుకుని గీశారు. ఏప్రిల్ చివర్లో బడికి సెలవులిచ్చారు. సంఘంవాళ్లు కొత్త మోకు కట్టి నేర్పారు. బావ చెట్టు కింద మంచం వేసుకుని పడుకుని ఆజ్ఞలిచ్చేవాడు. మోకు పైకి విసురు, బరువు వెనక్కి వెయ్యి, కాలు ఎత్తు, కిందికి చూడకు. మొదటిరోజు నా కాళ్లు నేలకు రెండు జానల ఎత్తుకు వెళ్లాయి, కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మూడోరోజు సగం చెట్టు. అయిదోరోజు ఒక గెల చెక్కాను, చెక్కానా నరికానా అని కిందనుంచి ప్రశ్న వచ్చింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, అరచేతులు బొబ్బలెక్కాయి, రాత్రికి అక్క వేడినీళ్ల కాపడం పెట్టేది. నాకు సిగ్గు లేకుండా సంతోషంగా ఉండేది. నలభై ఏడేళ్లకు మా నాయన చూసిన ఆకాశాన్ని చూశాను.

వారం దాటాక ఆ ఎత్తయిన చెట్టు ఎక్కాను. ఎలా ఎక్కానో తెలియదు, మట్టల్లోకి వెళ్లి కూర్చున్నాను. గెల చెక్కి, లొట్టి దింపి నడుముకు తగిలించుకుని, దిగుదామని కిందికి చూశాను. అంతే. పొలాలూ గట్లూ బస్సూ అన్నీ గిర్రున తిరిగాయి. మట్టను రెండు చేతులా వాటేసుకుని కళ్లు మూసుకున్నాను. మోకు పట్టుకుంటుందని తెలుసు, అయినా చేతులు వదలనన్నాయి. నావల్ల కాదు బావా అని అరిచాను. ఆ గట్టు మీద మేమిద్దరం తప్ప మనిషి లేడు.

“ఆగు. నేనత్తున్న” అని కిందనుంచి వినపడింది.

కళ్లు తెరిచి చూశాను. బావ మంచం కిందనుంచి తన పాత మోకు తీశాడు. చెట్టుకూ నడుముకూ చుట్టి, ఒక కాలు మొద్దుకు ఆనించి పైకి చూస్తున్నాడు. ఐదు పాయింట్ మూడు. ఆ గొట్టం నాకు తెర మీద కనపడినట్టే కనపడింది. ఆయన రెండో కాలు కూడా లేపాడు.

“బావా, మోకు తియ్యి. నేనే దిగుతాన. నువ్వు మీదికత్తె నీ తోడు దుంకుత.”

తరగతిలో ఏనాడూ నా నోట రాని ఇంటిమాట అది. చేతులు మట్టను వదిలేశాయి. దిగాననడం గొప్ప, జారాను, ఆగాను, మళ్లీ జారాను. కొత్త మోకు రెండుసార్లు పట్టుకుంది. ఛాతీ మీద చర్మం చెట్టుకే అంటుకుపోయింది. కల్లంతా నా నెత్తినే ఒలికింది. కాళ్లు నేలకు తగిలేసరికి బావ మోకు విప్పి నిలబడి ఉన్నాడు. ఇద్దరం గట్టు మీద కూలబడి కాసేపు ఏడ్చాం, ఆ తర్వాత నా అవతారం చూసి ఆయన నవ్వాడు.

“బండి చెప్పు సారూ. ఎల్లుండే పోదాం హైద్రాబాద్. నేనీడ ఉంటె ఎక్కుడే. నాకు ఎర్కయింది.”

ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్. అక్కా శ్రీధర్ ఆయనతో వెళ్లారు, చెట్ల కోసం నేను ఊళ్లో ఉండిపోయాను. ఏడు గంటలు పట్టిందట. కవాటం మార్చి, ఉబ్బిన గొట్టం కోసేసి దాని స్థానంలో పాలిస్టర్ గొట్టం కుట్టారు. ముందురోజు డాక్టర్లు అలాంటిది చూపిస్తే శ్రీధర్ వేళ్ల మధ్య నలిపి చూసి నాకు ఫోన్ చేశాడు, మామా గిది నేసిన గుడ్డే, పోగు మస్తు సన్నం అని. సిరిసిల్లలో వాడు నేసేదీ పాలిస్టరే. తండ్రి గుండెలో మగ్గం గుడ్డ పెడుతున్నారని వాడికి ఎంత ధీమా వచ్చిందంటే, ఆపరేషన్ అయినంతసేపూ అక్కకు వాడే ధైర్యం చెప్పాడట.

ఆపరేషన్ అయిన ఆరోరోజు రాజంకు చెట్ల సంగతి చూడమని చెప్పి హైదరాబాద్ వెళ్లాను. బావ మంచం మీద దిండును ఛాతీకి హత్తుకుని కూర్చున్నాడు, దగ్గొస్తే అలా పట్టుకోమన్నారట. రోజూ మాత్రలు వేసుకోవాలి, చెట్టు ఇక ఈ జన్మకు లేదు. అది ఆయనకు చెప్పేశారు. నన్ను చూడగానే అక్కను బయటికి పంపి చెట్లెలా ఉన్నాయని అడిగాడు. దారంతా కూడగట్టుకున్న అబద్ధం ఒకటి నా దగ్గర ఉంది. ఆయన ముఖం చూశాక అది నోట్లోంచి రాలేదు. రెండు బాగున్నాయి, ఎత్తయిన చెట్టు మాత్రం మూసుకుపోయిందని చెప్పాను. ఆరోజు తర్వాత దాన్ని ఎక్కడానికి నాకు ధైర్యం చాలలేదు. ముప్పై ఏళ్లలో మూసుకుపోయిన మొదటి గెల, నా చేతుల్లో మూసుకుపోయింది.

బావ దిండును కొంచెం గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపి నా అరచేతిని తిప్పి బొబ్బలు చూశాడు.

“చెట్టు సంగతి ఇడిశిపెట్టు సురేందర్. నువ్వైతె పడలే గద?”

లేదు బావా అన్నాను.